పెరటిచెట్టు

యాత్రకు పోయినవారు వట్టిచేతులతో ఇల్లు చేరరాదనునది మన కుటుంబములలో తరతరములనుండి వచ్చుచున్న మర్యాద. కాశికి పోయినవారు కాశీదారములను, గంగచెంబును తెచ్చెదరు. తిరుమలకు పోయివచ్చినవారు లడ్డును చిదిపి వీథిలోని ఇండ్లన్నిటికి పంచిన పిమ్మటనే తాము నోట వేసికొనెదరు. మన తిరుత్తణి కొండ నెక్కిదిగినవారి చేతిలో విభూతి పొట్లము లేకుండుట అరుదు. ఈ వస్తువుల వెలను ఎవరును లెక్కింపరు. అవి ఎచ్చటివని చెప్పి యిచ్చిరో అచ్చటివే కావలెనన్నది మాత్రము నియమము. గంగచెంబులో ఊరిబావి నీరు పోసి యిచ్చినవానిని, ఆ నీరు ఎంత తియ్యనిదైనను, మనము మెచ్చుకొనము.

ఇటీవల ఈ మర్యాదకు ఒక క్రొత్తకొమ్మ పుట్టినది. చిన్ననాట చూచి మనసు పారవేసికొన్న చలనచిత్రమును ఎచ్చట తీసిరో ఆ తావునకు యాత్రపోవుట, అచ్చటినుండి ఒక చిన్నవస్తువును తెచ్చి బంధువుల చేతిలో పెట్టుట. దీనిని హేళన చేయు పండితులు కొందరు కలరు. వారితో మేము కూడము. తిరువళ్ళూరు, తిరుత్తణి ప్రాంతములలో స్థిరపడిన తెలుగు కుటుంబములకు సినిమా కేవలము కాలక్షేపముగా ఉండలేదు. బడిలో తెలుగు గంట తగ్గిపోయిన యిండ్లలో, పెద్దబాలశిక్ష పెట్టె అడుగునకు చేరిన యిండ్లలో, పిల్లలకు నిండైన తెలుగువాక్యము చెవిని పడినది డేరా సినిమాలోనే. అట్టి చిత్రము పుట్టిన నేలను చూడవలెనని కోరుట తప్పెట్లగును?

మా అభ్యంతరము వేఱొకచోట కలదు. అది తెలియుటకు ఒక యింటి ముచ్చట చెప్పవలసియున్నది.

తిరువాలంగాటి సమీపమున మాకు తెలిసిన ఒక యింటికి హైదరాబాదులో ఉద్యోగము చేసి విశ్రాంతి పొందిన మేనమామగారు పండుగకు వచ్చినారు. అక్కగారికి చీర, బావగారికి పంచె, వీనితోపాటు ఒక ప్లాస్టిక్ పలకను తెచ్చినారు. గద భుజాన పెట్టుకొన్న ఘటోత్కచుని బొమ్మ దానిమీద కలదు. పైన తెలుగులోను, క్రింద ఇంగ్లీషులోను చిత్రము పేరు. "అక్కా, మనం చిన్నప్పుడు డేరాలో చూశామే మాయాబజారు, అది తీసిన చోటినుంచి తెచ్చాను, పెట్టుకో" అని ఆయన ఆప్యాయముగా అందించినారు. హైదరాబాదు చేరువలో ఒక విహారస్థలమున, బొమ్మల అంగడిలో దానిని కొన్నారట. అమ్మినవాడు అట్లు చెప్పలేదు. ఈయనే అట్లని ఊహించుకొన్నారు. తెలుగుసినిమా అనగా హైదరాబాదు గదా! అక్కగారు పలకను కన్నులకద్దుకొని అద్దాల బీరువాలో తిరుపతి వేంకటేశ్వరుని ప్రక్క నిలిపినారు. ఎనిమిదేండ్ల మనుమడు వచ్చి పేరు చదివినాడు. క్రింది వరుస చదివినాడు. పై వరుస వానికి రాదు.

ఆ యింట పెద్దలు నలుగురు కూర్చుండియున్నారు. "తమ్ముడా, మాయాబజారు హైదరాబాదులో తీసినది కాదు, మన రైలు పోయి ఆగే మద్రాసులోనే తీసినది" అని చెప్పినవారు ఒక్కరును లేరు. చెప్పక ఊరకొనుటకు మొగమాటము కారణమైనచో మేము ఈ వ్యాసము వ్రాయబోము. వారికి తెలియదు. డెబ్బది ఏండ్లుగా పెరటిలోనున్న చెట్టు వారికి కనబడలేదు. పెరటిచెట్టు మందునకు పనికిరాదన్న సామెతను మనము వైద్యమునకే కాక, చరిత్రకు కూడ పట్టించుచున్నాము.

నిజమేదో విస్పష్టముగా చెప్పుదము. 'మాయాబజారు' 1957 మార్చి 27న విడుదలయైనది. దానిని తీసినది విజయావారు, దర్శకుడు కె.వి. రెడ్డి, తీసిన చోటు మద్రాసు వడపళనిలోని వాహినీ స్టూడియో. 1948లో బి.ఎన్. రెడ్డి, మూలా నారాయణస్వామిగార్లు నెలకొల్పిన ఆ స్టూడియో అనంతరము నాగిరెడ్డి, చక్రపాణిగార్ల నిర్వహణములోనికి వచ్చి విజయా-వాహినియై, ఆసియాఖండమునందే పెద్ద స్టూడియోలలో నొకటిగా పేరుగన్నది. ద్వారకానగరపు మేడలను కళాదర్శకులు గోఖలే, కళాధర్‌గార్లు అచ్చటనే చిన్నబొమ్మలుగా కట్టించిరి. ఒక్కొక్క చిట్టియింట ఒక్కొక్క విద్యుద్దీపమును వెలిగించి, దూరమునుండి మహానగరమని భ్రమ కొలిపిరి. మార్కస్ బార్‌ట్లే కెమెరాతో వెన్నెలను సృష్టించినది అచ్చటనే. వివాహభోజనపు లడ్డులు ఘటోత్కచుని నోటిలోనికి వాటంతట అవియే దూకిన దృశ్యమునకు నాలుగు దినములు పట్టినదని చెప్పుదురు. ఆ లడ్డులను కదిలించిన వడ్రంగులు, దీపములు మోసిన కూలీలు, రంగులు పూసినవారు తెలుగువారును తమిళులును కలసియున్న జనము. వారి పేర్లు తెరమీద పడలేదు. వారి మనుమలు నేటికిని కోడంబాకము, సాలిగ్రామము వీథులలో కాపురముండవచ్చును.

ఆ పలకమీది చిత్రము వెలువడిన ముప్పదితొమ్మిదేండ్లకు, 1996లో, హైదరాబాదునకు వెలుపల రామోజీ ఫిలింసిటీ వెలసినది. హైదరాబాదులో తొలి స్టూడియోయైన సారథి, 1950ల రెండవభాగమున ఆరంభమైనది. అన్నపూర్ణ అంతకు ఇరువది ఏండ్ల తరువాతిది. మాయాబజారునకు హైదరాబాదుతో సంబంధము లేకపోలేదు. ఆ నలుపుతెలుపు చిత్రమునకు అచ్చటి సాంకేతికులే రంగులద్ది 2010లో విడుదల చేసిరి. రంగు పూసినది ఆ ఊరు, కన్నది ఈ ఊరు. రంగు పూసినవారిని మెచ్చుకొనుటకు కన్నతల్లిని మఱచిపోనక్కరలేదు.

ఇప్పుడు మన తాలూకా సంగతికి వత్తము. తిరువాలంగాడు 1957లో ఎచ్చటనుండెను? చిత్తూరుజిల్లా తిరుత్తణి తాలూకాలో, అనగా ఆంధ్రప్రదేశములో నుండెను. పటాస్కర్‌గారి నిర్ణయము ననుసరించి, 1959నాటి చట్టము వలన, 1960 ఏప్రిల్ 1వ తేదీన తిరుత్తణి మద్రాసు రాష్ట్రములోని చెంగల్పట్టు జిల్లాకు వచ్చినది. 1997లో తిరువళ్ళూరు జిల్లా ఏర్పడినపుడు అందులో చేరినది. ఇల్లు కదలలేదు, చింతచెట్టు కదలలేదు, ఒక తెల్లవాఱి లేచునప్పటికి రాష్ట్రము మాఱినది. ఇందులోని చిత్రమును గమనింపుడు. మాయాబజారు వెలువడిన నాడు మనము ఆంధ్రలోనుంటిమి, తెలుగుసినిమా మద్రాసులోనుండెను. మనము మద్రాసు రాష్ట్రములోనికి వచ్చితిమి. కొలది దశాబ్దములలో తెలుగుసినిమా ఆంధ్రలోనికి తరలిపోయినది. దారిలో ఒకరికొకరము ఎదురైనను పలుకరించుకొనని బంధువులవలె అయితిమి.

ఆ స్టూడియోలు కట్టినవారు ఎచ్చటివారు? ముఖ్యులు కడప, అనంతపురము సీమలవారు. కడపనుండి మద్రాసునకు పోవు ఇనుపదారి రేణిగుంట, తిరుత్తణి, అరక్కోణముల మీదుగా వచ్చి మన తిరువాలంగాడు స్టేషనును దాటియే పోవును. తెలుగుసినిమా చరిత్ర మన గుమ్మము ముందునుండి నడచినదనుటకు ఇంతకంటె ఏమి కావలెను? అట్టి గుమ్మములో కూర్చుండి, నాలుగువందల మైళ్ళ అవతలినుండి వచ్చిన ప్లాస్టిక్ పలకను ఆ చరిత్రయని కన్నులకద్దుకొనుచున్నాము.

దీనికి వచ్చు సమాధానములను మేమెఱుగుదుము. మొదటిది: "వాహినీ ఇప్పుడెచ్చటనున్నదండీ? పోయి చూచుటకు ఏమున్నది?" నిజమే. 1972లో నాగిరెడ్డిగారే అచ్చట విజయా ఆసుపత్రిని స్థాపించిరి. 2013లో ఆ నేలలోనే విజయ పేరుతో పెద్ద వ్యాపారసముదాయము తెరువబడినది. ద్వారక నిలిచిన చోట నేడు రోగులు మందుచీటీలు పట్టుకొని కూర్చుందురు. యువకులు చల్లని గదులలో చెప్పులు కొందురు. ఆసుపత్రిని మేము నిందింపము. మాయానగరమున్న చోట మనుష్యులకు మందు దొరకుట మంచిదే. సినిమా సెట్టు స్వభావముచేతనే మఱునాడు ఊడదీయబడును. అయినను వస్తువు తొలగినంత మాత్రమున తావు తొలగునా?

ఈ ప్రశ్నకు సమాధానము చెప్పుటకు తిరువాలంగాటివారికంటె అర్హులు లేరు. మన వడారణ్యేశ్వరుని సన్నిధి నటరాజస్వామి పంచసభలలో రత్నసభ. ఇచ్చటి నటరాజుని కాంస్యవిగ్రహము, లోకములోని అత్యుత్తమ శిల్పములలో నొకటి, నేడు ఎగ్మూరులోని ప్రభుత్వ మ్యూజియములో నున్నది. 1905లో బయటపడిన రాజేంద్రచోళుని తామ్రశాసనములు సయితము మద్రాసునకే చేరినవి. పారిస్ నగరపు మహాశిల్పి రోదా మన నటరాజుని ఛాయాచిత్రములను మాత్రమే చూచి, 1913లో పరవశించి వ్యాసము వ్రాసెను. ఆయన తిరువాలంగాటికి రాలేదు, విగ్రహమును కంటితో చూడలేదు. దూరమునుండి వచ్చిన జ్ఞాపిక ఒక మహామనీషిని కదలించినది. ఎందుచేత? అది నిజముగా ఆ విగ్రహపు ఛాయయే గనుక. విగ్రహము తరలినందున రత్నసభ మూతపడలేదు. మార్గశిరమున ఆర్ద్రోత్సవమునకు జనము నేటికిని ఇచ్చటికే వచ్చుచున్నారు. కారైక్కాల్ అమ్మ కైలాసమునకు తలతో నడచి పోగా, సాక్షాత్తు శివుడే ఆమెను నాట్యము చూచుటకు తిరువాలంగాటికి పొమ్మన్నాడని పెరియపురాణము చెప్పుచున్నది. ఎదుటనే శివుడున్నను, ఈ నాట్యమునకు ఈ తావే కావలసివచ్చినది. ఇట్టి ఊరివారు "తావులో ఏమున్నది" అని అడుగుట మాకు వింతగానున్నది.

రెండవ సమాధానము గట్టిది. "మా పిల్లలకు మాయాబజారు తెలియదు. వారి చిన్ననాటి సినిమా బాహుబలి. అది తీసిన చోటు హైదరాబాదే." ఇది ఒప్పుకొనవలసిన మాట. 2015, 2017లలో వెలువడిన ఆ రెండు భాగములకు మాహిష్మతి కోటను రామోజీ ఫిలింసిటీలోనే కట్టిరి. అక్కడికి పోయిన పినతండ్రి ఆ కోటబొమ్మను తెచ్చి పిల్లవానికిచ్చినచో అది గంగచెంబులోని గంగయే. మేము దానిని సంతోషముతో అద్దాల బీరువాలో పెట్టింతుము. అయితే ఆ చిత్రమును గూర్చియు ఒక మాట మన పిల్లలకు చెప్పవలెను. దానిని తెలుగు, తమిళములలో ఒకేసారి తీసిరి. ఈ పద్ధతి క్రొత్తది కాదు. వాహినిలో 'పాతాళభైరవి'ని 1951లో, 'మిస్సమ్మ'ను 1955లో, మాయాబజారును 1957లో ఆ విధముగానే రెండు భాషలలో సిద్ధము చేసిరి. తెలుగు మాయాబజారులో అక్కినేని అభిమన్యుడు. తమిళములో జెమినీ గణేశన్. కృష్ణుడుగా రామారావు, ఘటోత్కచుడుగా రంగారావు, శశిరేఖగా సావిత్రి రెంటిలోను వారే. తెలుగుది వచ్చిన కొద్దిదినములకే తమిళచిత్రము వచ్చినది.

కనుక మన వీథిలోని తమిళ కుటుంబమునకు కూడ ఆ ఘటోత్కచుడు చిన్ననాటివాడే. మనకు మాత్రమే చెందిన నిధిని పొరుగువారు గుర్తింపలేదని బాధపడు అలవాటు మన సభలలో ప్రబలియున్నది. ఈ నిధిలో పొరుగువారికి సగము వాటా పుట్టుకతోనే కలదు. 'చందమామ' సంగతి కూడ అంతే. 1947 జూలైలో అది 'చందమామ'గా తెలుగునను, 'అంబులిమామ'గా తమిళమునను ఒక్కమారే పుట్టినది. ఆ పత్రికకు వడపళనియే చిరకాలము నెలవు. మన యింట బాలుడు ఒక విక్రమార్కుని చదువుచుండగా ప్రక్కయింట బాలుడు అదే విక్రమార్కుని వేఱు లిపిలో చదివెను. భేతాళునిమాత్రము ఇద్దరిలో ఎవరును వదలలేదు.

మూడవ సమాధానము చెప్పువారు మన సంఘముల పెద్దలే. "ఇవన్నియు చిన్నసంగతులు, ప్రేమతో తెచ్చినదానికి ఊరుపేరు విచారించుట మర్యాద కాదు" అందురు. ప్రేమకు మేము ఎదురు చెప్పము. ఆ మేనమామగారిపై మాకు గౌరవమే. కాని పిల్లవాని పక్షమున నొకసారి ఆలోచింపుడు. వానికి తెలుగు మాట హైదరాబాదు ఫోనులోనుండి వచ్చును. తెలుగు పాట హైదరాబాదు టెలివిజనులోనుండి వచ్చును. పండుగ చీరలు, పచ్చళ్ళు, ఉగాది పంచాంగము అచ్చటినుండియే వచ్చును. కడకు తాతముత్తాతలు డేరాలో నేలమీద కూర్చుండి చూచిన మాయాబజారు సయితము అచ్చటినుండియే బహుమానముగా వచ్చినచో, ఆ పిల్లవాడు ఏమని తలచును? తెలుగు మఱియొకరి సొత్తు. మనకు అప్పుడప్పుడు చుట్టములు దానిలో కొంచెము పెట్టిపోవుదురు. వాడు తానున్న ఊరిలో తన భాషకు వేరు లేదనుకొనును. వేరులేని భాషను ఎవడు కష్టపడి చదువును?

ఈ నేలలో వేరు లేకపోవుట యెట్లు? కార్వేటినగర సంస్థానములో సారంగపాణి వేణుగోపాలునిపై పదములు పాడినది ఈ సీమలోనే. 1888లో సర్వేపల్లి రాధాకృష్ణగారు జన్మించినది తిరుత్తణిలో, తెలుగు కుటుంబమున. 2006నాటి చట్టము వలన తమిళము ఒకటవ తరగతినుండి ఏటేట పై తరగతులకు అనివార్యమగుచు వచ్చి, తెలుగు మాధ్యమపు బడులలో చదువు పిల్లలకు క్రొత్తచిక్కులు వచ్చినవన్నది మన సభలలో పలుమారు చెప్పుకొన్నదే. దానిపై న్యాయస్థానములకు పోయినవారి శ్రమను మేము తక్కువ చేయము. తమిళము చక్కగా నేర్చుట మన పిల్లలకు మేలేయని కూడ మా అభిప్రాయము. కాని ఏ చట్టమును ఇంటిలో అద్దాల బీరువా ముందు నిలుచుండి పై వరుసలోని అయిదక్షరములు నేర్పవద్దని చెప్పలేదు. ఆ అక్షరములను పిల్లవానికి నేర్పకపోయినది మనము. ఇందులో ప్రభుత్వముపై మోపుటకు ఏమియు లేదు.

నిజమైన జ్ఞాపిక యెట్లుండునో చూపు ఉదాహరణమును కూడ ఇవ్వవలెను గదా! కొవ్వూరు సమీపమున కుమారదేవమను పల్లెలో గోదావరి గట్టున ఒక మహావృక్షముండెను. జాతిచేత అది నిద్రగన్నేరు. జనులు దానిని సినిమాచెట్టని పిలిచిరి. విశ్వనాథ్, బాపు, వంశీ వంటి దర్శకులు దాని నీడలో ఎన్నో దృశ్యములు తీసిరి. 2024 ఆగష్టులో, గోదావరి వరదల కాలమున, ఆ చెట్టు కూలినది. కూలిన పిమ్మట దానిని మరల చిగురింపజేయుటకు అక్కడివారు పూనుకొనిరి. మన ప్రాంతపు కోడలొకామె పుట్టిల్లు ఆ దరినే. ఆమె ఆ వేసవిలో పుట్టింటినుండి వచ్చుచు ఎండిన పుల్లనొకదానిని కాగితములో చుట్టి తెచ్చినది. దానిమీద పేరు లేదు, బొమ్మ లేదు, వెల లేదు. చూచినవారు వంటచెఱకనుకొందురు. ఆమె మాత్రము దానిని చూపి, ఏ చిత్రములో ఎవరు ఆ చెట్టుక్రింద నిలుచుండిరో, తాను చిన్నతనమున గట్టుమీదినుండి చిత్రీకరణను ఎట్లు చూచినదో, పిల్లలకు అరగంట చెప్పినది. ఆ పుల్ల ముందు ఆ ప్లాస్టిక్ పలక నిలువదు. పలకతో వచ్చిన కథ పలకకు చెందినది కాదు గనుక.

ప్రపంచములో అన్యులెట్లు చేయుచున్నారు? ఆస్ట్రియా దేశపు సాల్జ్‌బర్గ్ పట్టణమున 1965లో వెలువడిన 'సౌండ్ ఆఫ్ మ్యూజిక్' చిత్రమునకు కొన్ని దృశ్యములు తీసిరి. ఆ చిత్రములోని గాజుమండపమును నేటికిని హెల్‌బ్రున్ తోటలో నిలిపి ఉంచిరి. యాత్రికులు వచ్చి చూచిపోవుచున్నారు. న్యూజీలాండులో మటమటాయను ఊరి చెంత ఒక గొఱ్ఱెల పొలమున చిత్రమునకై వేసిన పొట్టివారి గ్రామము మొదట తాత్కాలికమే. రెండవ చిత్రమాలిక వచ్చినపుడు దానిని శాశ్వతముగా కట్టి నిలిపిరి. మనకు అంతటి ధనము లేదు, స్థలము లేదు. కాని ధనమక్కరలేని పనికూడ మనము చేయలేదు. ఏ స్టూడియో ఎచ్చటనుండెనో ఒక కాగితముమీద వ్రాసికొని పిల్లలకు చూపిన సంఘమెచ్చటనున్నది? వార్షికోత్సవములలో ముఖ్యాతిథికిచ్చు జ్ఞాపికలను సయితము కొందరు హైదరాబాదునుండియే తెప్పించుచున్నారు. చార్మినారు బొమ్మను చేతబట్టుకొని తిరువళ్ళూరులో ఫోటో దిగుచున్నాము! మద్రాసులో ఏ.వి.ఎం. వారు తమ ప్రాంగణమున 2023లో పాతకార్లు, కెమెరాలతో ప్రదర్శనశాల తెరచినారు. 1958లో తెలుగు 'భూకైలాస్' తీసిన సంస్థ అది. మన సంఘములలో దానిని చూచివచ్చినవారెందరో చేతులెత్తుమన్నచో సభ నిశ్శబ్దమగునని మా భయము.

కనుక మేము సూచించునది యిది. సెలవులకు చుట్టములు వచ్చినపుడు వారు తెచ్చిన వస్తువులను పుచ్చుకొని ఊరకొనక, మఱునాటి ఉదయమే వారిని తిరువాలంగాడు స్టేషనులో లోకల్ బండి ఎక్కింపవలెను. మద్రాసు సెంట్రల్ ఇంచుమించు 60 కిలోమీటర్లు. అచ్చటినుండి మెట్రోబండి నేరుగా వడపళనికే పోవును. మొదట మురుగన్ సన్నిధిలో దండము పెట్టుకొని (తిరుత్తణి వారికి ఆ స్వామి పరాయివాడు కాడు గదా), ఆర్కాటు రోడ్డుమీద నిలుచుండి "ద్వారక ఇచ్చటనుండెను" అని పిల్లలకు వ్రేలితో చూపవలెను. ఆసుపత్రి గోడయే కనబడినను చూపవలెను. ఆ పూట మామగారు మనకు ఇచ్చువారుగా కాక, మనవలన పుచ్చుకొనువారుగా నుందురు. అది వారికిని ముచ్చటగానే యుండును.

ఇంతకంటె ముఖ్యమైనది మన యిండ్లలోనే కలదు. పాతరోజులలో డేరాసినిమా విరామమున అణాలకు అమ్మిన పాటలపుస్తకములు పాఠకులకు జ్ఞాపకమే. పలుచని రంగు అట్ట, లోపల నటుల పట్టిక, పాటలు, కథాసంగ్రహము. కథ ముడి పడినచోట ఆపి, తక్కినది వెండితెరపై చూడుమను ఒక మాట. వానిలో పెక్కు మద్రాసులోనే అచ్చైనవి. మన అమ్మమ్మలు పుట్టింటినుండి తెచ్చుకొన్న రేకుపెట్టెలలో, చేతివ్రాత పాటలతోపాటు ఇంకను కొన్ని మిగిలియున్నవి. కాగితాలవానికి కిలోలెక్కన అమ్మినవి పోగా మిగిలినవాని మాట మేము చెప్పుచున్నాము. చిత్రము పుట్టిన ఊరిలో అచ్చుపడి, చూచిన ఊరిలో కొనబడి, చూచినవారి చేతులలో నలిగిన కాగితము అది. అంతటి సాక్షి ఏ అంగడిలోను దొరకదు. తెలుగు అక్షరములు పెద్దవిగా, పాటల వరుసలు పొట్టివిగా నుండుటచేత పిల్లలకు చదువు నేర్పుటకు వానికంటె మంచి వాచకము లేదనియు మా నమ్మకము. రాగము ముందే వచ్చిన పాటను చదువుటలో పిల్లవాడు తడబడడు.

అట్టివి మీ యింటనున్నచో మా సంఘమునకు చూపగోరుచున్నాము. మీ సొత్తు మీకే తిరిగి యిచ్చెదము. నకలు మాత్రము తీసి, ప్రతి పుస్తకమునకు ప్రక్కన, అది ఏ ఊరి డేరాలో, ఎవరు, ఏ వయసున చూచినపుడు కొన్నదో వ్రాసి ఉంచెదము. డెబ్బదియేండ్లు దాటిన పెద్దలను ఈ సంగతులు వెంటనే అడుగుడు. డేరా ఎచ్చట వేసిరి, టిక్కెట్టు ఎంత, రీలు మార్చునపుడు ఎంతసేపు చీకటిలో కూర్చుండిరి, మాయాబజారును తెలుగున చూచిరా తమిళమున చూచిరా యని అడుగుడు. మా అనుభవములో పెక్కుమంది ఈ కడపటి ప్రశ్నకు కొంతసేపు ఆలోచించి, జ్ఞాపకము లేదనుచున్నారు. అదికూడ అట్లే వ్రాసికొనవలెను. పుస్తకముల అట్టలు చినిగినను, చెదలు తిన్నను ఫరవాలేదు.